‘జీబ్‌హా’ అంటే ఏం తేవాలి? – కువైట్ పోయేవారికి మొదటి గండం భాషే

ప్రొద్దుటూరు:

వానలు మొహం చాటేసినా, బోర్లు ఎండిపోయినా, కూతురి పెళ్లికి తెచ్చిన అప్పు వడ్డీతో పెరిగినా కడప జిల్లా పల్లెల్లో వినిపించే మాట ఒక్కటే: ‘కువైట్‌కు పోతే తీరుతుంది’. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు ఎక్కువైనప్పటి నుంచి ఈ మాట వినబడుతూనే ఉంది. రాజంపేట, రాయచోటి వైపు నుంచి పోయినవారు ఎక్కువ. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి పోయినవారూ ఉన్నారు. మగవారు డ్రైవర్లుగా, వంటవారుగా పోతే, ఆడవారు ఇంటిపనికి పోతారు.

పాస్‌పోర్టు, వీసా, మెడికల్ పరీక్ష, విమానం టిక్కెట్టు – అన్నింటికీ తిరుగుతారు, అప్పు చేస్తారు. భాష సంగతి మాత్రం ‘ఆడికి పోతే అదే వస్తుంది లే’ అని వదిలేస్తారు. రావడం నిజమే. కానీ ఎంత వస్తుంది, ఏ రూపంలో వస్తుంది అన్నది ఆలోచించవలసిన విషయం.

రారా, రావే

ఇంటిపనికి పోయినవారి చెవిన పడే మొదటి అరబీ మాటలు ఆజ్ఞలే. రా, పో, తే, పెట్టు, తియ్యి. ఇవి నేర్చుకోవడం తేలిక అనిపిస్తుంది. చిక్కు అక్కడే ఉంది.

మన భాషలో ‘రా’ అంటే మగవారికీ, ఆడవారికీ సరిపోతుంది. చనువుంటే మగపిల్లవాణ్ణి ‘రారా’ అంటాం, ఆడపిల్లను ‘రావే’ అంటాం. అరబీలో ఆ తేడా చనువును బట్టి కాదు, ఎప్పుడూ ఉండవలసిందే. మగవాణ్ణి ‘తఆల్’ అని పిలుస్తారు, ఆడమనిషిని ‘తఆలీ’ అని పిలుస్తారు. పొమ్మనడానికి రూహ్, రూహీ. తెమ్మనడానికి జీబ్, జీబీ. కువైటీలు కొందరు ‘జ’ను ‘య’గా పలుకుతారు. అప్పుడు జీబ్ కాస్తా ‘యీబ్’ అవుతుంది. పుస్తకంలో చూసి జీబ్ అని నేర్చుకున్నవారు ఇది వేరే మాటేమో అనుకుంటారు.

తాళమా, కారా?

రెండో చిక్కు ఇంకా పెద్దది. మనం తాళంచెవి గురించి మాట్లాడుతూ ‘తీసుకురా’ అంటే చాలు. ‘దాన్ని’ అని మళ్లీ చెప్పనక్కరలేదు. అరబీలో ఆ ‘దాన్ని’ క్రియకు తోకలాగా అతుక్కుని వస్తుంది. పైగా వస్తువుల్లోనూ ఆడ, మగ ఉన్నాయి. తాళంచెవి ‘మిఫ్తాహ్’ మగ. కారు ‘సయ్యారా’ ఆడ.

యజమాని డ్రైవరుతో ‘జీబా’ అంటే తాళంచెవి తెమ్మని, ‘జీబ్‌హా’ అంటే కారు తెమ్మని. చివరి ఒక్క అక్షరంలోనే తేడా. ఇంటిపని చేసే ఆడమనిషికి ఇదే మాట ‘జీబీహ్’, ‘జీబీహా’ అని వినిపిస్తుంది. బల్ల మీది పళ్లెం తీయడానికీ, పసిబిడ్డను ఎత్తుకోవడానికీ ఒకటే క్రియ, ‘షీల్’. పళ్లెం మగ కాబట్టి ‘షీలీహ్’. ఏడ్చేది ఆడబిడ్డ అయితే ‘షీలీహా’. ఇది తెలియని ఆమె పళ్లెం దగ్గరికి పోతే బిడ్డను పట్టించుకోలేదని తిట్లు తినాలి.

మూడోది ‘వద్దు’. తెలుగులో వద్దన్న మాట చివర వస్తుంది: పోవద్దు, తేవద్దు. అరబీలో ముందే వస్తుంది. రూహ్ అంటే పో, ‘లా త్రూహ్’ అంటే పోవద్దు. చివరి మాట కోసం కాచుకుని వినడం మనకు అలవాటు. వంటింటి గోలలో ముందున్న ‘లా’ చెవిన పడకపోతే చేయవద్దన్న పనే చేసినట్టవుతుంది.

‘నేను పో’ అనే భాష

గల్ఫ్‌లో పనివారి మధ్య ఒక విరుపు అరబీ తయారైంది. తెలుగువారు, మలయాళీలు, బంగ్లాదేశీయులు, ఫిలిప్పీన్స్ వారు అందరూ అందులోనే నెట్టుకొస్తారు. భాషాశాస్త్రవేత్తలు దీన్ని గల్ఫ్ పిడ్జిన్ అరబీ అని పిలిచి పరిశీలించారు. ఇందులో చాలా క్రియలు ఆజ్ఞ రూపంలోనే నిలిచిపోయాయి. ‘నేను పోతాను’ అనవలసినచోట ‘అనా రూహ్’ అంటారు. అంటే ‘నేను పో’ అని.

ఎందుకలా అయిందో ఊహించడం కష్టం కాదు. ఎదుటివారి నోటి నుంచి విన్నదంతా ఆజ్ఞలే అయినప్పుడు, తన సంగతి చెప్పుకోవడానికీ ఆ ఆజ్ఞలే దిక్కు. చెప్పిన పని చేయడానికి ఆ భాష చాలు. కష్టం వచ్చినప్పుడు మాత్రం చాలదు.

మన నోట ఉండవలసిన మాటలు

వినవలసిన ఆజ్ఞలతో పాటు మనం అనవలసినవీ కొన్ని ఉన్నాయి. యజమానురాలితో ‘అతీనీ’ అంటే నాకివ్వు. యజమానితో అయితే ‘అత్‌నీ’. జీతం ‘మఆష్’, నా జీతం ‘మఆషీ’. పాస్‌పోర్టు ‘జవాజ్’, నాది ‘జవాజీ’. ‘సాఇద్‌నీ’ అంటే నాకు సాయం చెయ్యి. ‘వద్దీనీ ముస్తష్ఫా’ అంటే అమ్మా, నన్ను ఆసుపత్రికి తీసుకుపో. ఇది మన ‘వద్దు’ కాదని గుర్తుంచుకోవాలి. ‘మా ఫహమ్త్’ అంటే నాకు అర్థం కాలేదు. ఇక్కడ ‘మా’ అన్నది ‘కాదు, లేదు’ అనడానికి.

మనకు ‘నీ’ అంటే ఎదుటివారిది. అరబీలో క్రియ చివర ‘నీ’ వస్తే నన్ను, నాకు అని అర్థం. ఆ ఒక్క అక్షరం పట్టుబడితే పనిమనిషి కూడా అడగగలదు. హక్కు, జవాబు, తారీఖు, కుర్చీ, ఖాళీ – మనం రోజూ వాడే ఈ మాటలన్నీ అరబీ నుంచి వచ్చినవే. కనుక ఆ భాష మనకు మరీ కొత్త కాదు.

అడగడానికి చట్టమూ ఉంది. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివారికి వారానికి ఒకరోజు సెలవు ఉండాలి. పని రోజుకు 12 గంటలు మించరాదు. ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఉంది. పనివారి సమ్మతి లేకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోరాదు. చట్టం ఉన్నా, నోరు తెరిచి అడిగే మాట రాకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

అమెరికాలో తిరగబడిన కథ

ఇదే వ్యాకరణం అమెరికాలో మనవారికి ఇంకో రకంగా ఎదురవుతుంది. అక్కడ బడి పిల్లలు ఎక్కువగా నేర్చే పరాయి భాష స్పానిష్. తెలుగు కుటుంబాల పిల్లలూ దాన్నే నేర్చుకుంటున్నారు. అందులోనూ ‘దాన్ని’ క్రియకు అతుక్కుంటుంది. ‘త్రాయె’ అంటే తే. ‘త్రాయెలో’ అంటే మగ వస్తువును తే, ‘త్రాయెలా’ అంటే ఆడ వస్తువును తే. అరబీలో మగ అయిన తాళంచెవి స్పానిష్‌లో ఆడ. వద్దన్నప్పుడు ఆ తోక ముందుకు జరుగుతుంది, క్రియా మారుతుంది: ‘నో లో త్రాయిగాస్’. పెద్దవారితో త్రాయె అనరాదు, ‘త్రాయిగా’ అనాలి. మన తే, తెండి లాంటిదే.

అక్కడ తోటపనికి, హోటళ్లలో గిన్నెలు కడగడానికి వచ్చేవారిలో స్పానిష్ మాట్లాడేవారు చాలామంది. అంటే ఆజ్ఞ ఇచ్చే చోట మనవారుంటారు. కువైట్‌లో పనిచేసిన తల్లి కొడుకు రేపు అమెరికాలో తనకంటే పెద్దవాడైన పనివానితో త్రాయె అంటాడో, త్రాయిగా అంటాడో అతని మర్యాదను బట్టి ఉంటుంది.

బ్రౌన్ దొరకు పండితులు, మనవారికి ఎవరు?

పరాయి భాష నేర్చుకోవడంలో కడపకు పెద్ద పేరే ఉంది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పండితులను దగ్గర పెట్టుకుని తెలుగు నేర్చాడు. 1840లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించాడు. ఆయన ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతోనే భాషా పరిశోధన కేంద్రం నడుస్తున్నది. దొరకు పండితులు దొరికారు. అప్పుచేసి విమానమెక్కే ఇంటి ఇల్లాలికి నెలరోజుల పాఠం చెప్పేవారు లేరు.

కువైట్‌లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవారు మన ఊళ్లలోనే ఉన్నారు. వారి చేత ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో నెలరోజులు మాట్లాడే అరబీ నేర్పిస్తే పెద్ద ఖర్చు కాదు. వీసా కాగితాలతో పాటు తెలుగు లిపిలో పది పేజీల పుస్తకం చేతికిచ్చినా మేలే. అందులో ‘జీబ్’ మొదటి పేజీలో ఉన్నా, ‘అతీనీ’ కూడా అదే పేజీలో ఉండాలి.