అణువుల నడుమ పాజిట్రాను

రాజంపేట అంగళ్లలో దొరకు కోడూరు అరటిపండులో పొటాసియము కలదు. అందులో లేశమాత్రము రేడియోధార్మికమైనది. ఆ పరమాణువులు లక్ష క్షయించినచో వానిలో సుమారు ఒకటి పాజిట్రానును వెలువరించును. లెక్కకు పండొక్కటికి గంటకో, రెండు గంటలకో ఒకటి. పండు నిర్భయముగా తినవచ్చును.

పాజిట్రాను ఎలక్ట్రానుకు జోడు. బరువు అదే, ఆవేశము మాత్రము ధనము. 1931లో డిరాక్ ఊహించిన దీనిని 1932లో ఆండర్సన్ కనుగొనెను. ఎలక్ట్రానును కలిసినంతనే రెండును నశించి, సాధారణముగా రెండు గామా కిరణములు ఎదురెదురు దిక్కులకు పోవును.

క్యాన్సరును గుర్తించు పెట్ స్కాను ఈ కిరణములనే పట్టును. రోగికెక్కించిన మందులోని ఫ్లోరిన్-18 నుండి పుట్టిన పాజిట్రాను, శరీరములోని నీటి అణువులను ఢీకొనుచు, సగటున మిల్లీమీటరు లోపుననే నశించును. చిత్రములో కనబడునది అది నశించిన చోటు, పుట్టిన చోటు కాదు. కావున నడుమ ఏమి జరిగినదో తెలియవలెను.

వేగము తగ్గిన పాజిట్రాను అణువును సమీపించినప్పుడు కేంద్రకములు దానిని నెట్టును. ఎలక్ట్రానుల మేఘము దానివైపు ఒరిగి లాగును. అదే ఎలక్ట్రాను వచ్చినచో రెండు ప్రభావములును లాగునవే. హీలియము వద్ద సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిలో ఈ పెనుగులాట దాదాపు సరిసమానమై, పాజిట్రాను అడ్డు లేనట్లే సాగిపోవును.

వంటగ్యాసులోని బ్యూటేను సంగతి వేరు. అణువునకు 34 ఎలక్ట్రానులు. ఎదురుపడుట చేతనే నాశనము జరుగునేని దాని రేటు 34 ప్రాంతమున ఉండవలెను. కొలిచిచూడగా పదివేలు దాటినది! హైడ్రోకార్బనుల ఈ వింత 1963 నాటికే తెలిసినను, కారణమును ప్రయోగముతో చూపినది 2002లో, శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సుర్కో బృందము. అణువులోని బంధములు వీణ తంత్రులవలె నిర్ణీత స్థాయిలలో కంపించును. తగిన శక్తితో వచ్చిన పాజిట్రాను ఆ శక్తిని కంపనమునకు అప్పగించి, వెళ్లిపోవుటకు శక్తి చాలక, అణువునంటి కొంతసేపు నిలుచును. నిలిచిన కొలది ఎలక్ట్రానుకు చిక్కును.

నీటి అణువు చిన్నదైనను మొండిది. దాని ఆక్సిజను కొన కొంత ఋణము, హైడ్రోజను కొనలు కొంత ధనము; పాజిట్రానును దూరమునుండియే ప్రక్కకు త్రిప్పును. ఆ మలుపు తరచు ఎంత స్వల్పమనగా, తగిలి వంగినదానికిని, తగలక నేరుగా పోయినదానికిని భేదము పరికరమునకు అందదు. అందుచేత నీటిపై కొలతలు నిజమునకు తక్కువగా వచ్చును. తప్పిపోయిన భాగమును శాస్త్రజ్ఞులు గణితముతో పూరించుచున్నారు.