అణుపరీక్షను ముందుగా పసిగట్టుట ఏల కష్టము?

1949 ఆగస్టు 29న సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబును కజకిస్థాన్‌లోని సెమిపలాటిన్‌స్క్ వద్ద పేల్చినది. సెప్టెంబరు 3న కంచట్కా సమీపమున ఎగిరిన అమెరికా విమానమొకటి వడపోత కాగితముపై రేడియోధార్మిక ధూళిని పట్టి తెచ్చినది. పరమాణువులు చీలినపుడు ఏర్పడు బేరియము, సీరియము మున్నగువాని ఐసోటోపులు అందు కనబడినవి. అవి క్షయించు తీరునుబట్టి పేలుడు జరిగిన కాలమును శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి.

కాని సెప్టెంబరు 20న అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. సిద్ధపరచిన నివేదిక, రష్యా బాంబు 1950 మధ్యకు ముందు రాజాలదనియు, 1953 మధ్యలో రావచ్చుననియు చెప్పినది! అప్పటికి పేలుడు జరిగి మూడు వారములైనది.

ఈ పొరపాటునకు కారణమేమి? రష్యాకు యురేనియము ఖనిజము చాలదని తలచి, ఆ కొరతనుబట్టి గడువు కట్టిరి. తూర్పు జర్మనీ గనులనుండియు, మధ్య ఆసియానుండియు రష్యాకు చేరుచున్న ఖనిజమును తక్కువగా అంచనా వేసిరి. లాస్ అలమోస్‌లో పనిచేసిన క్లాస్ ఫుక్స్ అను శాస్త్రజ్ఞుడు బాంబు నిర్మాణ రహస్యములను రష్యాకు అందించెను. ఆ సంగతిని అతడు 1950 జనవరిలో గాని ఒప్పుకొనలేదు.

పేలిన పిమ్మట ధూళియే గాలిలో కలిసి సాక్ష్యమిచ్చును. పేలకముందు సాక్ష్యము గనులలోను, ప్రయోగశాలలలోను దాగియుండును. తెలియని సంఖ్యకు బదులు ఊహను ఉంచినచో, గుణకారము సరిగా చేసినను ఫలితము తప్పగును.