ఇషాపూర్ 2ఎ రైఫిల్: క్యాలిబర్ మార్పు – నిర్మాణ పరిశీలన

1962 చైనా యుద్ధానంతరం భారత సైన్యానికి 7.62 మి.మీ. అర్ధస్వయంచాలక రైఫిళ్లు తగినన్ని సమకూరేలోగా, అదే తూటాను పేల్చగల చవకైన బోల్ట్ రైఫిల్ అవసరమైంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం పాత .303 లీ-ఎన్‌ఫీల్డ్ నమూనానే ఇందుకు ఆధారంగా స్వీకరించింది.

క్యాలిబర్ మార్పు అంటే బ్యారెల్ మార్పు మాత్రమే కాదు. .303 తూటా అడుగున వెలుపలికి పొడుచుకు వచ్చిన అంచు ఉంటుంది. ఛాంబర్‌లో తూటా నిలిచేది ఆ అంచు ఆధారంగానే. 7.62 తూటాకు అటువంటి అంచు లేదు. అది తన భుజభాగం ఆధారంగా నిలుస్తుంది. అందువల్ల ఎక్స్‌ట్రాక్టర్‌నూ, మ్యాగజైన్‌నూ మార్చవలసి వచ్చింది. కొత్త మ్యాగజైన్‌లో 12 తూటాలు పడతాయి. పైగా 7.62 తూటా కలిగించే పీడనం అధికం. దానిని తట్టుకొనేందుకు రిసీవర్‌ను మరింత దృఢమైన ఉక్కుతో రూపొందించారు. తరువాతి 2ఎ1 నమూనాలో వెనుక సైట్ గరిష్ఠ పరిధిని 2000 మీటర్ల నుంచి 800 మీటర్లకు కుదించారు.

పాత .303 రైఫిళ్లకే బ్యారెల్ మార్చి వీటిని తయారు చేశారన్న అభిప్రాయం వినిపిస్తుంటుంది. అది సరికాదు, ఇవి కొత్తగా నిర్మించినవి. ఈ భేదం చరిత్రకారులకు మాత్రమే సంబంధించినది కాదు. తక్కువ పీడనానికి ఉద్దేశించిన పాత ఉక్కుపై అధిక పీడనం పడితే, ముప్పు వాటిల్లేది దానిని పేల్చే వ్యక్తికే.