పాత ఫోన్‌కి బ్యాటరీ మార్చాలా, ఫోనే మార్చాలా? పాతిక వేల లోపు అసలు లెక్క

ఈ ఎపిసోడ్‌కి కారణం మా పిన్ని కొడుకు. మాదాపూర్‌లో సపోర్ట్ జాబ్, అయ్యప్ప సొసైటీలో హాస్టల్. మొన్న రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ముప్పై నాలుగు వేల ఫోన్ నో కాస్ట్ ఈఎంఐలో వస్తోంది, తీసేసుకోనా?" అన్నాడు. ఉన్నదానికి ఏమైందిరా అంటే, రాయదుర్గం మెట్రోలో దిగేసరికి 20 శాతం ఛార్జింగ్ ఉండగానే ఫోన్ ఆఫ్ అయిపోయిందట. గేటు దగ్గర చూపించాల్సిన క్యూఆర్ టికెట్ అందులోనే ఉంది. ఆఫీస్ లాగిన్‌కి కావాల్సిన అథెంటికేటర్ యాప్ కూడా అందులోనే. షిఫ్ట్‌కి గంట లేటు, లీడ్ దగ్గర మాట పడ్డాడు.

ముందు ఆ 20 శాతం సంగతి చూద్దాం. మన ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. వాడే కొద్దీ దాంట్లో పట్టే ఛార్జ్ తగ్గుతుంది, అది అందరికీ తెలుసు. తెలియనిదేంటంటే, లోపలి రెసిస్టెన్స్ కూడా పెరుగుతుంది. మీరు కెమెరానో మ్యాప్సో ఓపెన్ చేయగానే ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగుతుంది, ముసలి బ్యాటరీ అంత ఇవ్వలేదు, వోల్టేజ్ పడిపోతుంది, ఫోన్ ఆఫ్ అవుతుంది. స్క్రీన్ మీద 20 అని ఉన్నా సరే. వేడి దీన్ని ఇంకా తొందర చేస్తుంది. మే నెలలో బైక్ హోల్డర్‌కి ఫోన్ తగిలించి, మ్యాప్స్ ఆన్ చేసి, గచ్చిబౌలి నుంచి కొండాపూర్ దాకా ఎండలో తిరిగేవాళ్ల ఫోన్లు ఎక్కువ కాలం నిలబడవు అంటే ఆశ్చర్యం ఏముంది?

కాబట్టి సమస్య బ్యాటరీ ఒక్కటే అయితే ఫోన్ మార్చక్కర్లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ వేయించుకోండి, ఇంకో ఏడాదిన్నర లాగొచ్చు. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో తక్కువకే వేస్తారు, నిజమే. కానీ ఏ బ్యాటరీ వేస్తున్నారో మనకి తెలియదు. స్క్రీన్ గ్లాస్ అయితే బయట వేయించుకుంటాను గానీ, బ్యాటరీ మాత్రం నేను వేయించను. రాత్రి తల పక్కన పెట్టుకుని పడుకునే వస్తువు కదా.

మరి మావాడికి కూడా బ్యాటరీ సరిపోతుందా? సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి, ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కి, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చదవమన్నాను. చదివాడు. ఏడాది పైగా పాతది. ఫోన్ వచ్చింది 2021లో, కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది.

ఐటీ కారిడార్‌లో పనిచేసేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. మీ ఆఫీస్ మెయిల్, టీమ్స్ ఫోన్‌లో వాడాలంటే కంపెనీ పెట్టిన రూల్స్‌కి ఫోన్ సరిపోవాలి. వెర్షన్ పాతదైనా, ప్యాచ్ పాతదైనా ఒకరోజు 'నాట్ కంప్లయంట్' అని వస్తుంది, మెయిల్ ఆగిపోతుంది. బ్యాంకు యాప్‌లూ ఇదే దారిలో పాత వెర్షన్లని వదిలేస్తాయి. కొత్త బ్యాటరీ దీనికి మందు కాదు.

అంటే కొత్త ఫోన్ కొనాల్సిందే. అప్పుడు మొదట చూడాల్సింది కెమెరా కాదు, అప్‌డేట్ ఎన్నేళ్లు అని. గూగుల్ 2023లో పిక్సెల్ 8 నుంచి ఏడేళ్లు అంది. సామ్‌సంగ్ 2025లో వచ్చిన ఏ26, ఏ36, ఏ56కి ఆరేళ్లు అంది. ఇదే రేంజ్‌లో రెండు మూడేళ్లతో సరిపెట్టే ఫోన్లూ ఉన్నాయి. ఇక్కడో మెలిక ఉంది. ఆ ఏళ్లు లెక్కపెట్టేది ఫోన్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. మూడేళ్లు అన్న ఫోన్‌ని వచ్చిన ఏడాదిన్నరకి 'భారీ డిస్కౌంట్'లో కొన్నారనుకోండి, మీకు మిగిలేది ఏడాదిన్నరే. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి రూల్ వచ్చింది, మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని. అది మనకి వర్తించదు, మన లెక్క మనమే చూసుకోవాలి.

ర్యామ్ విషయంలో 8 ప్లస్ 8 అని రాస్తారు. అందులో రెండో 8 ర్యామ్ కాదు, స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చింది, చాలా స్లో. అసలైన 8 ఉందా చూడండి. స్టోరేజ్ 128 కనీసం, అది యూఎఫ్ఎస్ రకమై ఉండాలి. 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా వెనకాల మచ్చలా ఉంటుంది తప్ప దాంతో మీరు ఫోటో తీయరు. ప్రాసెసర్ పేరు కొత్తదైతే చిప్ కొత్తదని కాదు, మీడియాటెక్ డైమెన్సిటీ 6080 పాత 810కే కొత్త పేరు. 5జీ సంగతి అంత ఆలోచించక్కర్లేదు. హైదరాబాద్‌లో 2022 అక్టోబర్‌లో ఎయిర్‌టెల్, నవంబర్‌లో జియో మొదలుపెట్టేశాయి. ఎన్78, ఎన్28 బ్యాండ్లు ఉంటే చాలు.

ఇక ఈఎంఐ. సున్నా వడ్డీ స్కీములు వద్దని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ఇప్పుడు జరిగేదేంటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తం డిస్కౌంట్‌గా ముందే తగ్గిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీదే, ప్రాసెసింగ్ ఫీజూ మీదే. 34 వేలు, 12 నెలలు, 15 శాతం వడ్డీ, 199 ఫీజు అనుకుంటే, పైన సుమారు 700 పడుతుంది. అది పెద్ద మొత్తం కాదు, ఒప్పుకుంటా. కానీ మావాడు ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. ఏడాది పాటు నెలకి 2,833 కట్టాలి, హాస్టల్ ఫీజు కట్టాలి, ఇంటికి పంపాలి. "ఉద్యోగం కన్ఫర్మ్ కాకముందే ఫోన్ అప్పు కన్ఫర్మ్ చేస్తావా?" అన్నాను. కాస్త కఠినంగానే అన్నాను. రెండ్రోజులు ఫోన్ ఎత్తలేదు.

సెకండ్ హ్యాండ్ అనుకునేవాళ్లకి ఒక మాట. స్టార్ హాష్ 06 హాష్ కొడితే ఐఎంఈఐ వస్తుంది. ఇంగ్లీష్ అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ 15 అంకెలు 14422కి మెసేజ్ చేయండి. బ్లాక్ అయిన ఫోనైతే తెలిసిపోతుంది. డబ్బు చేతులు మారకముందే చేయండి.

చివరికి మావాడు 24 వేలలో, ఆరేళ్ల అప్‌డేట్ ఉన్నది తీసుకున్నాడు. దాచుకున్నది 18, మిగతాది వాళ్ల అక్క ఇచ్చింది. కొన్న రోజే పాత ఫోన్ రీసెట్ చేయబోతుంటే ఆపాను. ఆఫీస్ అథెంటికేటర్ బ్యాకప్‌తో పూర్తిగా రాదు, పాత ఫోన్ బతికుండగానే కొత్త ఫోన్‌లో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. లేకపోతే ఐటీ హెల్ప్‌డెస్క్ చుట్టూ తిరగడమే. యూపీఐ కూడా అంతే, కొత్త ఫోన్‌లో మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు లిమిట్ తగ్గిస్తాయి. హాస్టల్ ఫీజు కట్టే ఒకటో తారీఖున మాత్రం ఫోన్ మార్చకండి.

ఎక్స్‌చేంజ్‌లో పాత ఫోన్‌కి 1,100 అన్నారట. ఇవ్వలేదు. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ వేయించి, బ్యాంకు యాప్‌లన్నీ తీసేసి, ఊళ్లో మా పిన్నికి ఇచ్చాడు. యూట్యూబ్‌లో సీరియళ్లకి, రాత్రి పూట వీడో కాల్‌కి. నిన్న ఆవిడే నాకు చేసింది, కెమెరా సీలింగ్ ఫ్యాన్ వైపు పెట్టి.