టర్బైను రెక్కకు పింగాణి కవచము

1982 జూన్ 24వ తేదీ రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 747 విమానమొకటి కౌలాలంపూర్ నుండి పెర్త్ నగరమునకు పోవుచు, జావా దీవి చెంత గలుంగుంగ్ అగ్నిపర్వతము వెడలగ్రక్కిన బూడిదలో చిక్కుకొనెను. నాలుగు ఇంజనులును ఆగిపోయెను. ఎదుటి అద్దములు ఉప్పుకాగితముతో రుద్దినట్లు మసకబారెను. విమానము బూడిదను దాటి క్రిందికి దిగగా, ఇంజనులలో కరిగి అంటుకొనిన బూడిద చల్లబడి పెళ్లలుగా ఊడెను. ఇంజనులు మరల రగుల్కొనెను. జకార్తాలో దిగిన ఆ విమానమున 263 మంది ప్రాణములు దక్కెను.

వేడితో కూడిన ధూళి ఇంతటి శత్రువు. నేటి జెట్ ఇంజనులో టర్బైను రెక్కలను తాకు వాయువుల వేడి 1,500 డిగ్రీల సెంటీగ్రేడును మించును. రెక్కల నికెల్ మిశ్రలోహము 1,300 డిగ్రీల ప్రాంతముననే కరుగ నారంభించును. రెక్క లోపలి సన్నని దారుల వెంట పారు గాలి దానిని చల్లబరచుచుండగా, వెలుపలి వేడిని పూత అడ్డగించును. పొయ్యి మీది గిన్నె అడుగున మట్టి మెత్తు ఇల్లాలికి ఇట్టి ఉపాయము కొత్తది కాదు.

ఆ పూతలో పై పొర జిర్కోనియా అను పింగాణిజాతి పదార్థము. నూటికి ఏడెనిమిది పాళ్లు ఇట్రియా చేర్చి దానిని స్థిరపరతురు. మందము సుమారు పావు మిల్లీమీటరు. పింగాణి లోహముతో సమముగా వ్యాకోచింపదు, ప్రాణవాయువును ఆపజాలదు. అందుచే దాని క్రింద అల్యూమినియము గల లోహపు పూత వేయుదురు. దానిపై ఏర్పడు పలుచని అల్యూమినా పొర రెక్కను తుప్పు నుండి కాచును.

ఇక ధూళి మాట. వాలుగా తగిలిన రేణువు మెత్తని లోహమును గీరుకొనిపోవును. నిటారుగా తగిలినది పెళుసైన పింగాణిని పగులగొట్టును. కరిగించి చిమ్మిన పింగాణి అట్ల దొంతరవలె పొరలుపొరలుగా ఏర్పడుటచే దెబ్బకు పెచ్చులూడును. ఎలక్ట్రానుల పుంజముతో ఆవిరి చేసి పేర్చినదో, కట్టగట్టిన చీపురుపుల్లలవలె నిలువుగా పెరుగును. ఒక పుల్ల చివర విరిగినను పగులు ప్రక్కదానికి ప్రాకదు. కనుక ఇది మిక్కిలి తక్కువగా అరుగును.

అయితే ఆ పుల్లల నడిమి సందులే కరిగిన బూడిదకు దారి. అది లోనికి ఇంకి, ఇంజను చల్లారినప్పుడు గట్టిపడి, పూతను పెళ్లగించును. గడోలినియము గల కొత్త పూతలు కరిగిన బూడిదతో కలిసి వెంటనే స్ఫటికములై ఆ సందులను మూసివేయును.

అయినను అరుగని పూత లేదు. అందుకే ప్రపంచమున తొమ్మిది కేంద్రములు అగ్నిపర్వతముల బూడిదను కనిపెట్టి విమానములను హెచ్చరించుచున్నవి. జావా ఆకాశమునకు కాపలా డార్విన్ నగర కేంద్రము.