అప్పుచింతయు మెదడు పనియు

అప్పులపాలైన రైతు తొందరపడి నష్టపుబేరము చేసినపుడు "వానికి బుద్ధి చాలదు" అని ఊరివారు నిందించుట కలదు. ఆ నింద ఎంతవరకు న్యాయమో మెదడును గూర్చిన యిటీవలి పరిశోధనలు కొంత తెలుపుచున్నవి.

మెదడునందు సన్నని విద్యుత్తు ఎల్లప్పుడును పుట్టుచుండును. జర్మనీలోని యేనా నగరమున హాన్స్ బెర్గర్ అను వైద్యుడు 1924లో మనుష్యుని మెదడు విద్యుత్తును మొదట గీతలుగా గ్రహించి, 1929లో ప్రకటించెను. ఇప్పుడు ఎమ్.ఆర్.ఐ. యంత్రముచే, మెదడులో ఏ భాగమునకు రక్తము హెచ్చుగా పోవుచున్నదో కనిపెట్టి, ఆ భాగము పనిచేయుచున్నదని గుర్తించుచున్నారు. నుదుటి వెనుకనున్న భాగము ముందువెనుకలు చూచుటకును, ఆతురతను అణచుటకును ఆధారము. తీవ్రమైన చింతలో దేహమున పుట్టు రసములు ఈ భాగము పనిని తగ్గించును. భయమునకు స్థానమైన లోపలి భాగమునకు బలము హెచ్చును.

తమిళనాడులో విళుప్పురం, తిరువణ్ణామలై ప్రాంతములందలి 54 గ్రామములలో 464 మంది చెఱకు రైతులను పరీక్షించి, విద్వాంసులు 2013లో ఫలితములు ప్రకటించిరి. మిల్లు చెఱకునంతయు ఒక్కసారి ఆడజాలదు. కావున కోతలు కొన్ని నెలలపాటు ఒక్కొక్కరికి ఒక్కొక్కప్పుడు వచ్చును. ఒకే రైతును కోతకు ముందును, పైకము చేతికి వచ్చిన పిదపను పరీక్షించిరి. కోతకు ముందు నూటికి 78 మంది ఏదో యొక వస్తువు తాకట్టు పెట్టియుండగా, తరువాత నలుగురే యుండిరి. బొమ్మల చిక్కులు, అంకెల పరీక్షలు కోత తరువాత వారు మేలుగా పరిష్కరించిరి. మనిషి మారలేదు, మనసుమీది బరువు మారినది. అయితే అమెరికాలో జీతపుదినమునకు ముందు వెనుకల జరిపి 2016లో ప్రకటించిన పరీక్షలలో ఇట్టి భేదము కానరాలేదు. కనుక దీనిని తుదిమాటగా గైకొనరాదు.

సింగపూరున ఒక ధర్మసంస్థ పేదల పాతబాకీలు తీర్చినపుడు 196 మందిని పరిశీలించి, 2019లో మరియొక సంగతి తెలిపిరి. తీర్చిన మొత్తము సమానమైనను, ఎక్కువ ఖాతాలు పూర్తిగా మూసివేయబడినవారికే ఆందోళన హెచ్చుగా తగ్గెను, ఆలోచన తేటపడెను. ప్రతి బాకీయు తన వాయిదాతో మనసున వేరుగా చోటు ఆక్రమించుకొనును గదా!

దీనినిబట్టి సభ్యులు గ్రహింపదగినవి కొన్ని కలవు. పలుచోట్ల చిల్లర అప్పులున్నవారు వానిని సంఘములో ఒకే అప్పుగా మార్చుకొనుటకు వీలున్నదేమో విచారింపవలెను. వడ్డీ సమానమైనచో చిన్న బాకీని ముందుగా తీర్చి, ఆ పద్దు కొట్టివేయించుట మేలు. కోతకు ముందు ఇక్కట్టులో భూమి పత్రములపై ఒంటిగా చేవ్రాలు చేయక, నమ్మకమైనవారితో లెక్క చూపించుకొనవలెను.

నిద్రలేమి, ఆకలి మందగించుట, దేనియందును ఆసక్తి లేకుండుట రెండువారములకు మించినచో అది జబ్బు కావచ్చును, పిఱికితనము కాదు. దానికి చికిత్స కలదు. ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును. అట్టివారి యింట పురుగుమందులు అందుబాటున నుంచక తాళము వేయుట అత్యవసరము.

వాయిదా తప్పిన సభ్యునికి నోటీసు పంపుటకు ముందు పంచాయతీదారులలో ఒకరు ఆతని యింటికి పోయి, క్షేమము విచారించుట మంచిది. పద్దుపుస్తకమున బాకీ కనబడును. దాని వెనుకనున్న చింత మనిషిని చూచినగాని తెలియదు.