మునగ: కాయకన్న ఆకు మిన్న



మునగచెట్టు అనగానే మనకు కాయే గుర్తుకు వస్తుంది. పులుసులోకి కాయ కోసుకుంటాము. ఆకును మాత్రం మేకలకు వేస్తాము. అసలు బలం ఎందులో ఉన్నదో కొంచెం చూద్దాము.

100 గ్రాముల మునగకాయలో కాల్షియం, అనగా ఎముకలకు కావలసిన సున్నం, సుమారు 30 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆవుపాలలో సుమారు 120. మునగాకులోనో, 300కు పైమాటే! అదంతా ఒంటికి పట్టదు, నిజమే. అయినా పాలు చాలినన్ని లేని ఇంటికి ఇది చిన్న సంగతి కాదు. ఆ ఆకులోనే 6 గ్రాములకు పైగా మాంసకృత్తులు, కొంత ఇనుము కూడా కలవు.

అన్నిటికన్న ముఖ్యం కెరోటిను. ఇది శరీరంలో ఎ-విటమినుగా మారుతుంది. ఆ విటమిను చాలని పిల్లలకు మొదట రేచీకటి వస్తుంది. సంజవేళ బిడ్డ తడుముకుంటూ నడుస్తుంటే ఉపేక్షించరాదు. వెంటనే వైద్యునికి చూపించాలి. ముదిరితే చూపే పోవచ్చును. పోయిన చూపును ఏ ఆకూ తిరిగి తేలేదు. ముందునుంచీ ఆకు తినిపించడమే మేలు.

ఇక వండే తీరు. ఆకు ఉడికిన నీళ్లు పారబోయకండి. సి-విటమిను వాటితోనే పోతుంది. కాస్త నూనెగాని నెయ్యిగాని తగిలితేనే కెరోటిను ఒంటికి పడుతుంది. దించాక నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ లాభం తగ్గుతుంది. పప్పులో వేసినా సరే, తెలగపిండితో కూర వండినా సరే. పసిపిల్లలకు మెత్తగా మెదిపి పెట్టాలి. పొడికైతే ఆకును నీడనే ఆరబెట్టాలి.

ఒక హెచ్చరిక. మునగ వేరు, వేరు బెరడు విషతుల్యం. గర్భిణులు బొత్తిగా ముట్టరాదు. మధుమేహానికీ, రక్తపుపోటుకూ మునగాకు మందని విని, డాక్టరిచ్చిన మాత్రలు మానవద్దు. ఆకు ఆహారమే; చికిత్సకు బదులు కాదు.

చెట్టు పెంచడం సులభం. తొలకరికి ముందు చేతిమందం కొమ్మను మూడు నాలుగు అడుగుల పొడవున నరికి, నీరు నిలవని చోట నాటండి. పైకొనకు పేడముద్ద పెడితే ఎండిపోదు. చిగుళ్లు తుంచుతూ ఉంటే గుబురుగా పెరిగి, ఆకు చేతికందుతుంది. ఎత్తు పెరగనిస్తే ప్రమాదం. మునగకొమ్మ పెళుసు గదా!

పెరట్లో ఒక్క చెట్టున్నా చాలు. ఈసారి మేకకు వేసేముందు, ఇంట్లో పిల్లలకు నాలుగు రెమ్మలు తీసి ఉంచండి.